మన పాలమూరు, నల్గొండకు ఎయిర్‌పోర్ట్ ఎందుకు రాలేదు? శంషాబాద్ వెనక ఉన్న అసలు కథ

పోయిన ఎపిసోడ్ కింద మీరు ఎక్కువగా అడిగింది ఒకటే: "అన్నా, దేవరకద్రల ఎయిర్‌పోర్ట్ అన్నరు కదా, ఏమైంది?" దీనికి జవాబు దేవరకద్రలో దొరకదు. శంషాబాద్‌ల ఉంది. ఇంకా కరెక్ట్‌గా చెప్పాలంటే, 2004 డిసెంబర్‌ల సంతకాలు పెట్టిన ఒక అగ్రిమెంట్‌ల ఉంది.

ముందు కొంచెం వెనక్కి పోదాం. హైదరాబాద్‌ల విమానం అంటే మన నాయనల కాలంల బేగంపేటనే. అది నిజాం కాలం నాటిది. 1945ల నిజాం సర్కారు, టాటాలు కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ అని ఒక కంపెనీ కూడా పెట్టిన్రు. 1953ల విమాన కంపెనీలను జాతీయం చేసినప్పుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ల కలిసిపోయింది. తర్వాత సిటీ పెరిగింది, బేగంపేట చుట్టూ ఇండ్లు, రోడ్లు వచ్చినయ్. రన్‌వే పెంచుదామంటే జాగ ఎక్కడుంది?

అందుకే 1998ల కొత్త ఎయిర్‌పోర్ట్ కోసం మూడు జాగలు చూసిన్రు: బొంగుళూరు, నాదర్‌గుల్, శంషాబాద్. నల్గొండ వాళ్లు ఒక్క నిమిషం ఆగండి. బొంగుళూరు అంటే మన సాగర్ రోడ్డే! అక్కడ వచ్చి ఉంటే దేవరకొండ, మల్లేపల్లి వాళ్లకు ఎయిర్‌పోర్ట్ దారిలనే ఉండేది. కానీ రెండు హైవేలు, రైల్వే లైను దగ్గర ఉన్నయని అదే ఏడు డిసెంబర్‌ల శంషాబాద్‌ను ఖాయం చేసిన్రు. పాలమూరు వాళ్లకు కలిసొచ్చింది. జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా సీదా రోడ్డు.

మొత్తం 5,495 ఎకరాలు. అది ఖాళీ జాగ కాదు, పొలాలు పోయిన రైతులు ఉన్నరు. ఎయిర్‌పోర్ట్ వీడియోలల్ల ఆ మాట ఎవరూ చెప్పరు, అందుకే నేను చెప్తున్న.

ఇప్పుడు అసలు విషయం. కట్టడానికి సర్కారు దగ్గర అంత డబ్బు లేదు, ప్రైవేట్ వాళ్లను పిలిచిన్రు. జీఎంఆర్‌కు 63 శాతం, మలేషియా ఎయిర్‌పోర్ట్స్‌కు 11, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి 13, రాష్ట్ర ప్రభుత్వానికి 13. ఆ 11 శాతం కూడా తర్వాత జీఎంఆరే కొనుక్కుంది. వేల కోట్లు పెట్టేటోడు ఏమంటడు? "పక్కనే ఇంకొకటి కడితే నా పైసలు ఎట్ల వస్తయ్?" అంటడు. అందుకే అగ్రిమెంట్‌ల ఒక షరతు పెట్టిన్రు: ఇది మొదలైనంక 25 ఏండ్ల దాకా, ఆకాశ మార్గంల 150 కిలోమీటర్ల లోపల ఇంకో ఎయిర్‌పోర్ట్ రావొద్దు. బేగంపేటను కూడా మామూలు ప్రయాణికులకు బంద్ చెయ్యాలె.

2008 మార్చి 23న శంషాబాద్ నుంచి విమానాలు మొదలైనయ్, బేగంపేట బంద్ అయింది. 25 ఏండ్లు కలపండి. 2033. నల్గొండ, దేవరకద్ర రెండూ శంషాబాద్‌కు వంద కిలోమీటర్ల లోపే. లెక్క అర్థమైంది కదా? అదే ఏడు మొదలైన బెంగళూరు ఎయిర్‌పోర్ట్‌కు కూడా ఇట్లాంటి షరతే ఉంది.

అయితే ఇది రాతి మీద గీత కాదు. వరంగల్ మామునూరు కూడా ఈ 150 లోపలనే ఉంది. జీఎంఆర్ "మాకు అభ్యంతరం లేదు" అన్నంక 2025ల కేంద్రం దానికి అనుమతి ఇచ్చింది. అంటే మన లీడర్లను అడగాల్సిన ప్రశ్న "ఎప్పుడు కడతరు" కాదు, "ఆ ఎన్‌ఓసీ అడిగిన్రా" అని. నా మటుకు నాకైతే, ముందు ప్రయాణికులు సరిపోతరా అన్న లెక్క కూడా చూడాలె. ఖాళీ ఎయిర్‌పోర్ట్‌లు దేశంల చానా ఉన్నయ్.

శంషాబాద్‌ల మాత్రం ఆ బాధ లేదు. ఏడాదికి 1.2 కోట్ల మంది కోసం కట్టిన్రు, ఇప్పుడు 3.4 కోట్ల మందికి సరిపోయేటట్టు పెంచిన్రు. పెద్ద రన్‌వే 4,260 మీటర్లు, అంటే నాలుగు కిలోమీటర్ల పైనే. రెండోది 3,707 మీటర్లు. పెద్దదానికి రిపేర్ వస్తే అది ఆదుకుంటది. వాటి మీద 09, 27 అని రాసి ఉంటది, చూసిన్రా? అది సీరియల్ నంబర్ కాదు, దిక్కు. 90 డిగ్రీలు తూర్పు, 270 పడమర. విమానం గాలికి ఎదురుగా లేవాలె, దిగాలె. వానాకాలం గాలి పడమర నుంచి కొడతది కాబట్టి అప్పుడు ఎక్కువగా 27 దిక్కు వాడతరు.

ఇంకో ముచ్చట. "ఎయిర్‌పోర్టోళ్లు ఆపిన్రు" అంటం కదా, అక్కడ ఒక్కరు ఉండరు. బిల్డింగ్ జీఎంఆర్‌ది. బ్యాగు చెక్ చేసేది సీఐఎస్‌ఎఫ్. బోర్డింగ్ పాస్ ఇచ్చేది ఎయిర్‌లైన్. పాస్‌పోర్ట్ మీద ముద్ర వేసేది కేంద్రం కింద ఉండే ఇమిగ్రేషన్. టవర్ల కూసొని పైలట్‌తో మాట్లాడేది ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ. టికెట్‌ల యూడీఎఫ్ అని ఒక లైను ఉంటది, అది ఎయిర్‌పోర్ట్ వాడుకున్నందుకు ఛార్జీ. ఎంత ఉండాలో ఏఈఆర్‌ఏ అనే కేంద్ర సంస్థ చెప్తది.

ఇది తెలుసుడు ఎందుకు ముఖ్యమంటే, మా దిక్కు ఒక అన్న ఏజెంట్ మాట నమ్మి విజిట్ వీసా మీద దుబాయ్‌ల పనికి బయలెల్లిండు. ఇమిగ్రేషన్ దగ్గర ఆపేసిన్రు. ఆయన ఎయిర్‌లైన్ కౌంటర్ దగ్గర రెండు గంటలు బతిమాలిండు, వాళ్ల చేతిల ఏమీ లేదు. టెన్త్ పాస్ కాని వాళ్ల పాస్‌పోర్ట్ మామూలుగా ఈసీఆర్ రకం. ఆ పాస్‌పోర్ట్‌తో యూఏఈ, సౌదీ, ఖతర్, కువైట్ లాంటి 18 దేశాలకు పనికి పోవాలంటే ముందే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలె. అది ఈ-మైగ్రేట్‌ల అయితది, ఎయిర్‌పోర్ట్‌ల కాదు. మీ ఇంట్ల ఎవరైనా పోతుంటే ఇయ్యాలనే పాస్‌పోర్ట్ తీసి చూడండి.

ఇగ టైం సంగతి. చెక్-ఇన్ కౌంటర్ చాలా ఎయిర్‌లైన్స్ గంట ముందే మూసేస్తయ్. నల్గొండ నుంచి వచ్చేటోళ్లు పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కండి. దేవరకొండ దిక్కు వాళ్లు బొంగుళూరు దగ్గర ఎక్కండి. సిటీ లోపలికి పోతే ట్రాఫిక్‌ల ఇరుక్కుంటరు.

బేగంపేట ఏమైందని అడుగుతరేమో, అది ఇంకా ఉంది. వీఐపీల విమానాలు, ట్రైనింగ్, వింగ్స్ ఇండియా షో అక్కడనే. దాని మీద వచ్చే ఎపిసోడ్‌ల మాట్లాడుకుందాం. ఉంటా మరి.