ఆశ్వయుజ మాసమును, శనగ విత్తు అదనును

“దీపావళి వెళ్లనిండు, పిమ్మట శనగ విత్తుదము” అను మాటను మేము నల్లరేగడి గ్రామములలో పలుమారు వినుచుందుము. ఈ మాట ఒక యేడు మేలు చేయును. మరియొక యేడు కీడు చేయును. కారణమును మనవి చేసెదము.

పున్నమినాడు చంద్రుడు అశ్వినీ నక్షత్రమునకు దాపున నుండుటచే ఈ మాసమునకు ఆశ్వయుజమని పేరు. మన తెలుగువారి లెక్కలో దీని తుదిదినమగు అమావాస్యయే దీపావళి. పండ్రెండు చాంద్రమాసములకు సుమారు 354 దినములే యగును. ఋతువులను నడపు సౌరసంవత్సరమునకు 365 దినములకు పైగా పట్టును. అందుచే పండుగ యేటేట సుమారు 11 దినములు ముందునకు జరుగును. రెండు మూడేండ్లకొకసారి అధికమాసము వచ్చి ఆ కొరతను తీర్చును. 2022లో దీపావళి అక్టోబరు 24వ తేదీని వచ్చినది. 2023లో అధిక శ్రావణము వచ్చుటచే నవంబరు 12వ తేదీని వచ్చినది.

శనగ వానలు వెనుకపట్టిన పిదప నేలలో నిలిచిన తేమతో పెరుగు పైరు. ఆ తేమ పండుగకొరకు నిలువదు. ఆలస్యముగా విత్తినచో మొలక పలుచనగును. కాయ ముదురునాటికి ఎండలు తగిలి గింజ సన్నగిల్లును. పంట తగ్గినను అప్పు తగ్గదు గదా!

మన పెద్దలు సేద్యమునకు కార్తెలను పట్టిరి. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రమున నుండు 13, 14 దినములు ఒక కార్తె. ఇవి ప్రతి సంవత్సరము ఒకటి రెండు దినముల తేడాతో అవే తేదీలకు వచ్చును: హస్త సెప్టెంబరు 27, చిత్త అక్టోబరు 10, స్వాతి అక్టోబరు 24, విశాఖ నవంబరు 6 ప్రాంతమున.

కావున సభ్యులు హస్తలోనే విత్తనము సమకూర్చుకొనవలెను. అప్పు కావలసినవారు అంతకుముందే సంఘమున దరఖాస్తు చేసికొనవలెను. చిత్త మొదలుకొని పొలమునకు పోయి పిడికెడు మన్ను తీసి చూచుచుండవలెను. వాన తెరపియిచ్చి పదును కుదిరినంతనే విత్తవలెను. నేల ఇంకను జిగటగా నున్నచో కార్తె వచ్చినదని తొందరపడరాదు.

మా మాటపై నమ్మకము చాలనివారు పండుగ ఆలస్యముగా వచ్చిన యేట ఒక యెకరము పదునునుబట్టియు, మరియొక యెకరము పండుగనుబట్టియు విత్తి, కల్లమున గింజలను వేరువేరుగా కొలిచి చూచుకొందురుగాక.