నాలుగు పడవలు... ఒక్క కలం!

రెండు పడవల మీద కాళ్ళు పెట్టకూడదని పెద్దలంటారు. ఈ సామెత సినిమావాళ్ళ దగ్గరకెళ్ళి చెప్పి చూడండి, నవ్వేస్తారు! సూపర్‌స్టార్ కృష్ణ సినిమాలు 1972 ఒక్క సంవత్సరంలోనే 18 విడుదలయ్యాయి. అంటే ఏకంగా పద్దెనిమిది పడవలన్నమాట! అన్నిటి మీదా ఎలా నిలబడ్డాడయ్యా అంటే, సినిమావాళ్ళు ఒకే ఒక్క మాట చెబుతారు... కాల్షీట్! ఏ రోజు, ఏ పూట, ఎవరి సినిమాకి? అది ముందే కాగితం మీద తేలిపోవాలి. తేలకపోతే హీరో ఒకచోటా, కెమెరా ఒకచోటా!

మరి హీరోకి కాల్షీట్లుంటే రచయితకి ఎందుకుండకూడదూ? ఈ అనుమానం నాకు ఊరికే రాలేదు. నేనున్నది పరవాడలో. ఒక పక్క సింహాద్రి విద్యుత్ కేంద్రం పొగ గొట్టాలు, మరో పక్క ఫార్మాసిటీ. ఒక మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేస్తాను. మిగిలిన వేళల్లో రచయితని. నా వెనకాల పబ్లిషరు లేడు, సిఫార్సు చేసే మావయ్యా లేడు. రాసుకోవడం నేనే, అచ్చు వేయించుకోవడం నేనే, అమ్ముకోవడమూ నేనే! చేతిలో ప్రస్తుతం నాలుగున్నాయి. కథల పోటీకి ఒక కథ, గాజువాకలో ఉండే మిత్రుడి లఘుచిత్రానికి మాటలు, ఒక రేడియో నాటిక, ఒక నవల.

ఈ నాలుగింటితో ఎలా వేగాలా అని తలపట్టుకున్నప్పుడు, మన విశాఖ పెద్దల్నే తలుచుకున్నాను. వాళ్ళ కథలు సినిమా కథలకేం తీసిపోవు!

కౌబాయ్‌కీ ఆయనే... కవుల చరిత్రకీ ఆయనే!

ఆరుద్ర అనగానే మీకు బాపు సినిమాల్లో పాటలు గుర్తొస్తాయి. 1925లో విశాఖపట్నంలో పుట్టిన ఈయన అసలు పేరు భాగవతుల సదాశివశంకర శాస్త్రి. 1966లో కృష్ణ ‘గూఢచారి 116’గా వచ్చాడు. 1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’తో తెలుగు తెరకు కౌబాయ్‌ని తెచ్చాడు. ఆ గుర్రాలూ తుపాకులూ టోపీల సినిమాకి కథ, మాటలూ ఎవరివనుకున్నారు? ఆరుద్రవే!

ఇక్కడే అసలు తమాషా ఉంది. ఆ 1960లలోనే ఆయన ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ సంపుటాలు ఒకదాని వెనక ఒకటి తెస్తున్నారు. తెలుగు కవులందరి చరిత్ర అది! ఒక విశ్వవిద్యాలయం పూనుకోవలసిన పని, ఒక్క మనిషి నెత్తిన వేసుకున్నాడు. ఇవి చాలవన్నట్టు డిటెక్టివ్ నవలలూ, కూనలమ్మ పదాలూ, చదరంగం మీద రచనా! 1987లో ‘గురజాడ గురుపీఠం’కి సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

నాకు తోచింది చెబుతాను. ఆయన పడవలు వేరువేరుగా కనిపిస్తాయి గానీ, వాటి మధ్య తాళ్ళున్నాయి. డిటెక్టివ్ కథ రాసిన బుర్రే, ఏ కవి ఏ కాలం వాడో, ఏ ఊరివాడో ఆచూకీ తీసింది. పాత కావ్యాలు తిరగేసిన చెవే, ట్యూన్లో ఒదిగే మాటని ఏరింది. ఒక పని ఇంకో పనికి శత్రువు కాలేదు, పెట్టుబడి అయింది.

ఆగిపోయిన సీరియళ్ళు

అందరికీ అలా కుదురుతుందా? కుదరదు! అదే విశాఖలో రావిశాస్త్రి గారున్నారు. కోర్టుకెళ్ళే ప్లీడరు. పేదవాళ్ళ కేసులు వాదిస్తూ, అక్కడ విన్న జనం భాషనే కథల్లోకి తెచ్చారు. ‘ఆరు సారా కథలు’ చదివినవాడు ఆ భాషని జన్మలో మర్చిపోలేడు. కానీ ‘రాజు-మహిషి’ నవల అసంపూర్తిగానే ఉండిపోయింది. ‘రత్తాలు-రాంబాబు’ గతీ అంతే. 1993లో ఆయన వెళ్ళిపోయారు. తరవాతేం జరిగిందో ఇంక మనకెవరూ చెప్పరు. ఇంటర్వెల్ దగ్గర కరెంటు పోయిన హాల్లో కూచున్నట్టే!

అంతటివాడి నవలైతే సగంలో ఆగినా జనం చదువుతారు. మరి నా నవల సగంలో ఆగితే? మా ఇంటి అటక మీద ఎలకలు చదువుతాయి!

ఇక గొల్లపూడి మారుతీరావు గారు. విశాఖలో చదువుకుని, ఆకాశవాణి ఉద్యోగం చేస్తూనే నాటకాలు రాశారు, నవలలు రాశారు. 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’కి స్క్రీన్‌ప్లే రాశారు. 1982లో ‘ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య’తో ముఖానికి రంగేసుకున్నారు. ఇన్ని వేషాల మధ్యా ‘జీవన కాలమ్’ అనే శీర్షికని ఏళ్ళ తరబడి నడిపించారు. వారం వారం వచ్చే కాలమ్‌కి మూడ్ బాగాలేదని చెప్పడానికుండదు. గడువు అనేది తిట్టుకోవలసిన శత్రువు కాదనీ, భుజం పట్టి కూచోబెట్టే స్నేహితుడనీ ఆయన్ని చూస్తే తెలుస్తుంది.

నా కాల్షీట్లు

సరే, పెద్దల కథలు విన్నాక నా నోటుబుక్కు తీశాను. నాది వారానికో షిఫ్టు. ఉదయం షిఫ్టు వారంలో సాయంత్రాలు లఘుచిత్రానికి. మధ్యాహ్నం షిఫ్టు వారంలో పొద్దుటి పూటలు నవలకి. రాత్రి షిఫ్టు వారంలో కొత్తది రాయకూడదు... నిద్రలేని కళ్ళతో రాసిన డైలాగు నిద్రపుచ్చుతుంది! ఆ వారం చదువుకోవడం, రాసింది దిద్దుకోవడం, కథకి ఫెయిర్ కాపీ. రేడియో నాటికని మాత్రం వచ్చే ఏడాదికి వాయిదా వేసేశాను. కొంచెం బాధే. అయినా, డేట్లు లేవని చెప్పడం కూడా కాల్షీట్లలో భాగమే కదా!

పొద్దుటి పూటలు నవలకెందుకిచ్చానో చెప్పాలి. ఆ నవల మా నాయనమ్మది. ఎనభై దాటాయి ఆవిడకి. 2002లో సింహాద్రి మొదటి యూనిట్ మొదలైంది. అంతకు ముందు, పొగ గొట్టాలు లేని పరవాడ నాకు అంతంతమాత్రమే గుర్తు. ఆవిడకి మాత్రం ప్రతి గట్టూ, ప్రతి తాటిచెట్టూ పేరుపేరునా తెలుసు. పొద్దున్న టీ తాగాక ఓ గంట చెబుతుంది. ఆ తరవాత అలసిపోతుంది. ఈమధ్య కొన్ని పేర్లు తడుముకుంటోంది కూడా. మొన్నడిగింది:

“ఏట్రా గుంటడా, నా మాటలన్నీ పుస్తకంలో ఎట్టీస్తానన్నావు. ఎప్పుడెడతావు, నానెల్లిపోయాకా?”

సరిగ్గా ఆ వారమే గాజువాక మిత్రుడు ఫోన్ చేశాడు. “గురూ, వెబ్ సిరీస్ ఛాన్సొచ్చింది. పది ఎపిసోడ్లు. డబ్బు కూడా బాగానే ఇస్తారట. కానీ పొద్దున్నుంచీ డిస్కషన్లకి కూచోవాలి” అన్నాడు. నా నవల అచ్చుకి డబ్బు కావాలి. ఆ డబ్బు తెచ్చే పని, నవల రాసే పూటనే అడుగుతోంది! రెండు రాత్రులు ఆలోచించాను. సాయంత్రాలైతే వస్తానన్నాను. లేదంటే రెండు నెలలు ఆగమన్నాను.

“ఇంకొకణ్ణి పెట్టుకుంటారు గురూ, తరవాత నన్నననక్కర్లేదు” అన్నాడు.

పెట్టుకోనీండి. ఛాన్సు పోతే మరొకటి రావచ్చు. నాయనమ్మ మర్చిపోయిన పేరు ఏ ప్రొడ్యూసరూ తెచ్చివ్వలేడు. ఇప్పటికి తొమ్మిది అధ్యాయాలయ్యాయి. ఇంకో అయిదున్నాయి. వెబ్ సిరీస్ వాళ్ళ దగ్గర్నుంచి ఇంకా కబురు లేదు.

మీలోనూ డైరీ నిండా కథలు పెట్టుకుని, ఫోన్ నిండా ఐడియాలు దాచుకుని తిరుగుతున్న వాళ్ళు బోలెడుమంది ఉంటారు. అన్నీ రాయండి, తప్పు లేదు. కానీ రేపటిదాకా ఆగలేనిది ఏదో ముందు తేల్చుకోండి. మంచి పూట దానికివ్వండి. మిగిలినవాటికి మిగిలిన పూటలు చాలు!