ఉప్పు మీద పెత్తనం ఎవరిది?

ఉప్పు లేని కూర ఎవరైనా తింటారా? నూనె ధర పెరిగితే వేపుళ్ళు తగ్గించుకుంటాం. పప్పు ధర పెరిగితే చారుతో సరిపెట్టుకుంటాం. ఉప్పు దగ్గర అలా కుదరదు. ఉన్నవాళ్ళింట్లో అయినా, కూలి చేసుకునేవాళ్ళింట్లో అయినా పడాల్సిన ఉప్పు పడాల్సిందే. ఈ కిటుకు తెలిసే తెల్లదొరలు దాని మీద పన్ను వేశారు.

మాది నెల్లూరు జిల్లాలో సముద్రపు ఒడ్డు ఊరు. ఇసకపల్లి వైపు వెళితే ఉప్పు మడులు కనిపిస్తాయి. ఉప్పునీళ్ళు మడులకు పెట్టి ఎండనిస్తారు. నీళ్ళు ఇగిరిపోయి కల్లుప్పు తేలుతుంది. దాన్ని లాగి కుప్పలు పోస్తారు. నీళ్ళు సముద్రానివి, ఎండ సూర్యుడిది, ఒంటి చాకిరీ మనిషిది. ఇందులో సర్కారు చేసిందేముంది చెప్పండి? అయినా ఆ రోజుల్లో లైసెన్సు లేకుండా ఉప్పు చేస్తే నేరం. మన మద్రాసు రాజధానికైతే 1889లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేశారు. సముద్రం పక్కనే గుడిసె వేసుకున్న ఇల్లాలు కూడా పన్ను కట్టిన ఉప్పే కొనుక్కోవాలి!

1923లో ఏం జరిగిందో చూడండి. మణుగు ఉప్పుకు, అంటే సుమారు 37 కిలోలకు, రూపాయి పావలాగా ఉన్న పన్నును రెండున్నర రూపాయలు చేయాలనుకున్నారు. ఢిల్లీ శాసనసభ ఒప్పుకోలేదు. వైస్రాయి రీడింగ్ ప్రభువు ఆ మాట పక్కనపెట్టి, తన ప్రత్యేకాధికారంతో పన్ను పెంచేశాడు. మరుసటి ఏడాది తగ్గించారనుకోండి. కానీ ప్రజల ప్రతినిధులు వద్దన్నది పైనున్న ఒక్క మనిషి చేసేయగలిగాడంటే, మన వంటింటి మీద పెత్తనం ఎవరిదైనట్టు?

అందుకే 1930లో గాంధీగారు పోరాటానికి ఉప్పునే ఎంచుకున్నారు. మార్చి 12న ఆయన వెంట దండికి బయలుదేరిన 78 మందిలో ఒక్క ఆడమనిషి లేదు. తర్వాత మాత్రం ఆడవాళ్ళు ఇళ్ళల్లో కూర్చోలేదు. మన నెల్లూరులో పొణకా కనకమ్మగారి పేరు వినని వాళ్ళుంటారా? ఆమె 1892లో పుట్టారు. చిన్నప్పుడే పెళ్ళయింది. చదువు సొంతంగా నేర్చుకున్నారు. పెన్న ఒడ్డున పల్లిపాడులో 1921లో గాంధీగారు ప్రారంభించిన ఆశ్రమానికి అండగా నిలిచారు. 1923లో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళారు. కలిగిన ఇంటి ఆడపడుచు ఉప్పు కోసం జైలుకు వెళ్ళడమేమిటని ఆనాడు ఎంతమంది ముక్కున వేలేసుకున్నారో! ఆమెకు కావలసింది గుప్పెడు ఉప్పు కాదని ఇప్పుడు మనకు తెలుస్తూనే ఉంది.

1931 మార్చిలో గాంధీ ఇర్విన్ ఒడంబడికతో సముద్రతీరం వాళ్ళు ఇంటి అవసరాలకు ఉప్పు చేసుకోవచ్చునన్నారు. తమ ఊళ్ళో అమ్ముకోవచ్చునన్నారు. 1947లో, స్వాతంత్ర్యానికి కొద్ది నెలల ముందు ఉప్పు పన్నే ఎత్తేశారు.

కథ అక్కడితో అయిపోయిందనుకుంటాం. కాలేదు. అయోడిన్ కలపని ఉప్పును తినడానికి అమ్మకూడదని మన ప్రభుత్వమే నిషేధం పెట్టింది. జనాన్ని బలవంతపెట్టడం సరికాదని 2000లో ఎత్తేసింది. 2005లో మళ్ళీ తెచ్చింది. దీన్ని తెల్లదొరల పన్నుతో పోల్చడం అన్యాయమే. అయోడిన్ తక్కువైతే గొంతు వాపు వస్తుంది. కడుపుతో ఉన్న తల్లికి అది చాలకపోతే బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. మా ఇంట్లో కూరకు వాడేది అయోడిన్ ఉప్పే. మీరూ అదే వాడండి.

అయినా 2011లో సుప్రీంకోర్టు చెప్పిన మాట గుర్తుపెట్టుకోవాలి. కల్తీని అరికట్టడానికి చేసిన చట్టం కింద ఈ నిషేధం పెట్టడం చెల్లదంది. వెంటనే ఆపితే జనం ఆరోగ్యానికి ఇబ్బందని, సరైన చట్టం కిందికి తెచ్చుకోవడానికి ఆరు నెలలు గడువిచ్చింది. ఇప్పుడా నిబంధన ఆహార భద్రత చట్టం కింద నడుస్తోంది. మంచి పనికైనా సర్కారు తన గీత దాటకూడదని దీని అర్థం. ఇవాళ మన మేలు కోసం దాటనిస్తే, రేపు ఇంకెవరి లాభం కోసమో దాటినప్పుడు ఏమని అడుగుతాం?

అందుకే ఏ కొత్త నిబంధన వచ్చినా నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. దీనివల్ల మేలు ఎవరికి? పెట్టేముందు మమ్మల్ని అడిగారా? తప్పని తేలితే మార్చే దారి ఉందా? 1930లో ఈ మూడో ప్రశ్నకు జవాబు జైలు. ఇప్పుడు ఓటుంది, కోర్టుంది, గ్రామసభ ఉంది. వాడుకోకపోతే అవి ఉండీ ఏం లాభం?

ఈ అలవాటు ఇంట్లోనే మొదలవ్వాలి. ఆడపిల్ల "ఎందుకు?" అని అడిగితే "పెద్దవాళ్ళు చెప్పారు, నోరుమూసుకో" అనకండి. కారణం చెప్పండి. ఇంట్లో కారణం అడగడం నేర్చిన పిల్ల, రేపు ఆఫీసు బల్ల ముందు నిలబడి కూడా అడుగుతుంది.