మీకు తెలుసా? బీరపాదు మీది బూజు శిలీంధ్రమే కాదు!

పలమనేరు, కుప్పం, పుంగనూరు, మదనపల్లె ఎత్తు ప్రాంతాలు. అక్కడ చలికాలం తెల్లవారుజామున కురిసే మంచు తడే బీర, కాకర, దోస పాదులకు బూజు తెగులు తెచ్చిపెడుతుంది.

పొద్దున్నే ఒక బీరాకును తిప్పి చూడండి. పైన ఈనెల మధ్య గడులు కట్టినట్టు పసుపు మచ్చలు. అడుగున సరిగ్గా వాటి కిందే ఊదారంగు బూజు. ఆకు పైభాగం పిండి చల్లినట్టు తెల్లగా ఉంటే అది బూడిద తెగులు, వేరే జబ్బు.

ఈ తేడా తెలియకపోతే మందు డబ్బులు మట్టిపాలే. బూజు తెగులు తెచ్చే సూడోపెరొనోస్పొరా క్యూబెన్సిస్ అనే సూక్ష్మజీవిని 1868లో క్యూబా నమూనాల నుంచి గుర్తించారు. పేరులో క్యూబా అందుకే ఉంది. చూపుకు శిలీంధ్రమే, వంశం మాత్రం సముద్రపు గోధుమరంగు నాచుకు చుట్టం! అందుకే బూడిద తెగులుకు వాడే కార్బెండజిమ్ మందు దీన్నేమీ చేయలేదు.

తొలి మచ్చలకే లీటరు నీటికి 2.5 గ్రాముల మాంకోజెబ్ కలిపి, ఆకు అడుగుభాగం తడిసేలా కొట్టాలి. తీగను పందిరికి ఎక్కించి గాలి ఆడనివ్వాలి.

ఈ తెగులు బతికేది పచ్చి ఆకు మీదే. కాపు అయిపోయిన పాదును పీకేశాకే పక్కన కొత్త విత్తనం పెట్టండి.