విడివిడి డిజిటల్ గ్రంథాలయాలు – వినియోగదారుకు తగిన అన్వేషణ

వ్యవసాయ పరిశోధన ఫలితాలు ఒకేచోట లభించవు. వ్యవసాయ విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు కృషికోశ్‌లోను, చందాతో లభించే పత్రికలు వేరే వేదికలలోను, మెట్ట పంటల ప్రచురణలు పటాన్‌చెరులోని ఇక్రిశాట్ భాండాగారంలోను, అనేక దేశాల గ్రంథసూచిక వివరాలు ఆహార వ్యవసాయ సంస్థ నిర్వహించే అగ్రిస్‌లోను ఉన్నాయి. ఒక్క సమస్యకు ఇన్నిచోట్ల వెదకడం విస్తరణ శాస్త్రవేత్తకు భారమవుతుంది.

అనుసంధాన విధానాలు

ఈ సేకరణలను రెండు విధాలుగా కలపవచ్చు. మొదటి విధానంలో ప్రశ్నను అన్ని గ్రంథాలయాలకు ఒకేసారి పంపుతారు. వాటిలో ఏ ఒక్కటి ఆలస్యం చేసినా పూర్తి ఫలితాలు ఆలస్యమవుతాయి. రెండవ విధానంలో ఓఏఐ-పీఎంహెచ్ నియమావళి ప్రకారం శీర్షిక, రచయిత, విషయం వంటి మెటాడేటాను ముందుగానే సేకరించి ఒక సూచికగా కూర్చుతారు. మూలప్రతి మాతృసంస్థలోనే ఉంటుంది. కొత్తగా చేరిన, మారిన వివరాలను మాత్రమే మళ్లీ తెచ్చుకోవచ్చు.

పదజాల సమస్య

వేరుశనగను కొన్ని ప్రాంతాల్లో పల్లి అని, రాయలసీమలో చెనక్కాయ అని వ్యవహరిస్తారు. అక్షరాల పోలికపైనే ఆధారపడితే 'శనగ' అని వెదికినవారికి వేరుశనగ కూడా ఎదురవుతుంది. 'పల్లి' అని వెదికినవారికి వేరుశనగ గ్రంథాలు కనిపించవు. ఆహార వ్యవసాయ సంస్థ రూపొందించిన అగ్రోవాక్ పదకోశం ఒక్కొక్క భావనకు ఒక గుర్తింపునిచ్చి, తెలుగుతో సహా అనేక భాషల పదాలను దానికి జతచేస్తుంది. స్థానిక పేర్లను కూడా ఇటువంటి గుర్తింపులకు జతచేయడం అవసరం.

వ్యక్తిగత వివరాల వినియోగం – హద్దు

వినియోగదారుని పంట, మండలం, వృత్తి, భాషలను బట్టి ఫలితాల వరుసను మార్చవచ్చు. అయితే ఆ వివరాలు ఇతర ఫలితాలను తొలగించరాదు. మొక్కజొన్నను ఆశించే కత్తెర పురుగును ఆఫ్రికాలో 2016లో, భారతదేశంలో 2018లో, తొలుత కర్ణాటకలో గుర్తించారు. సొంత ప్రాంతపు సమాచారాన్ని మాత్రమే చూపే వ్యవస్థలో, ఇక్కడ అత్యవసరమైన ఆఫ్రికా అనుభవం సరిగ్గా ఆ సమయానికే మరుగున పడుతుంది.

కావున వ్యక్తిగత వివరాలు వరుసక్రమాన్ని నిర్ణయించాలే కాని హద్దులు గీయరాదు. ఏ వివరం ఆధారంగా ఫలితం ముందుకు వచ్చిందో తెరపై కనిపించాలి. ఆ వివరాలను సవరించే, పూర్తిగా పక్కనబెట్టే వీలు వినియోగదారునికి ఉండాలి. రూపకల్పన దశలోనే విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు తమ అసలు ప్రశ్నలతో ఈ వ్యవస్థను పరీక్షించడం మేలు.