గోదావరిపై ఒక విశ్రాంతి దినము

విశ్రాంతి యనగా పని మానుట మాత్రమే కాదు. సంవత్సరమంతయు గంట మ్రోతకు లేచి, గంట మ్రోతకు కూర్చుండు ఉపాధ్యాయునకును, పరీక్షల దినములు లెక్కించుకొను విద్యార్థికిని, ఒక్క దినము కాలమును కొలువకుండ గడపగలుగుటయే నిజమైన విశ్రాంతి. అట్టి దినమును ప్రసాదించుటలో నదికి సాటివచ్చునవి అరుదు. రైలుకు వేళ యున్నది. బస్సుకు తొందర యున్నది. నదికి ఈ రెండును లేనట్లు తోచును. అందుచేతనే సెలవులు వచ్చినంతనే ఎన్నో తెలుగు కుటుంబములు పాపికొండల దారి పట్టుచున్నవి.

ఈ ప్రయాణము క్రొత్తది కాదు. రోడ్లు సరిగా లేని రోజులలో రాజమహేంద్రవరము నుండి భద్రాచలమునకు పోవు యాత్రికులకు గోదావరియే రాజమార్గము. లాంచీలో వంట, లాంచీలో భజన, లాంచీలోనే నిద్ర. ఆ ప్రయాణపు సొగసును 1973లో ‘అందాల రాముడు’ చిత్రమును, అటుపై 2006లో ‘గోదావరి’ చిత్రమును తెరకెక్కించినవి. నేడు పోలవరము వద్ద ఆనకట్ట నదికి అడ్డముగా లేచినందున, రాజమహేంద్రవరము వైపు నుండి వచ్చువారు దానికి ఎగువన గండిపోచమ్మ ఆలయ సమీపమున పడవ నెక్కుదురు. భద్రాచలము వైపు నుండి వచ్చువారికి పోచవరము రేవు కలదు. ఉదయము బయలుదేరి, సాయంకాలమునకు తిరిగి రేవు చేరుట వాడుక.

పడవ కదలిన అరగంటకే మనుష్యులలో మార్పు కనిపించును. ప్రతిదినము పొయ్యి ముందు నిలుచుండు తల్లి, ఎవరో వడ్డించిన విస్తరి ముందు తీరికగా కూర్చుండును. బామ్మ దోసిలితో గోదావరి నీరు చల్లుకొని కన్నులు మూసికొనును. కొండల నడుమ చాలచోట్ల సెల్ ఫోనులు పలుకవు గనుక, తండ్రి దానిని జేబులో వేసికొని చాలకాలమునకు కుమారుని ముఖము వైపు చూచును. పిల్లలు మొదట అల్లరి చేసి, పిదప చెప్పకయే మౌనము వహింతురు. ఎవరును ఏమియు చేయరు. అయినను దినము వృథా అయినదని ఒక్కరికిని తోచదు.

త్ర్యంబకము వద్ద పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించు గోదావరి, సముద్రమును చేరుటకు ముందు తూర్పు కనుమలను చీల్చుకొని రావలసిన తావు పాపికొండలు. స్త్రీల పాపిట వలె నది ఈ కొండలను రెండుగా విడదీయుటచే ఈ పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. రాజమహేంద్రవరము కడ దాదాపు మూడు కిలోమీటర్ల వెడల్పున పరచుకొను నది, ఇచ్చట కొన్ని తావులలో రెండు మూడు వందల మీటర్లకు కుదించుకొనిపోవును. ఇరుప్రక్కల పచ్చని కొండలు నీటిలోనికి దిగివచ్చినట్లుండును. ఒక మలుపు తిరుగువరకు మరొక మలుపు కలదని తెలియదు. 2008లో జాతీయ ఉద్యానవనముగా ప్రకటింపబడిన అరణ్యమిది.

ఇట్టి తావుననే ఏదో ఒక పడవలో ఎవరో ఒక బాలుడు సరంగును అడుగక మానడు.

“బాబాయ్, ఇక్కడ ఎంత లోతుంటుంది?”

“లోతు సంగతి మాకొదిలెయ్యి బాబూ. ముందా జాకెట్టు తాళ్ళు గట్టిగా బిగించుకో.”

బాలుని ప్రశ్నకు అది జవాబు కాదని తోచవచ్చును. కాని నదిని గూర్చి చెప్పదగిన మాటలలో అంతకు మించినది లేదు. ప్రణహిత, ఇంద్రావతి మొదలగు ఉపనదులు ఎగువననే గోదావరిలో కలియును. కూనవరము వద్ద శబరియు వచ్చి చేరును. మూడు లక్షల చదరపు కిలోమీటర్లకు మించిన గోదావరి పరీవాహక ప్రదేశము, అనగా భారతదేశములో సుమారు పదియవ వంతు. అందులో కురిసిన వాన మిక్కిలి భాగము ఈ ఇరుకు ద్వారమునుండియే సాగవలెను. ఒక క్షణములో ప్రవహించు నీటి పరిమాణము నది వెడల్పును, లోతును, వేగమును హెచ్చించినచో వచ్చునని భౌతికశాస్త్రము చెప్పును. వెడల్పు తగ్గినప్పుడు లోతైనను పెరుగవలెను, వేగమైనను పెరుగవలెను. కావున పాపికొండల నడుమ అద్దము వలె కనిపించు ఆ నీరు నిద్రించుచున్న నీరు కాదు. నదికి తొందర లేదనుట పైచూపు మాటయే. దాని తొందర అడుగున దాగియున్నది.

వరద దినములలో ఆ తొందర పైకి వచ్చును. భద్రాచలము వద్ద నీటిమట్టము 43 అడుగులకు చేరినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరిక ప్రకటింతురు. 1986 ఆగస్టులో అది 75.6 అడుగులకును, 2022 జూలైలో 71.3 అడుగులకును పెరిగినది. అట్టి నదిపై విహారము ఎప్పుడు చేయవలెనో, ఎప్పుడు మానవలెనో నిర్ణయించుటయందే ప్రాణములు ఆధారపడి యున్నవి.

2019 సెప్టెంబరు 15వ తేదీ ఆదివారము. ఆనాడు గోదావరిలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరద ప్రవహించుచున్నది. అనగా క్షణమునకు పదునాలుగు వేల ఘనమీటర్ల నీరు. విహారమునకు బయలుదేరిన ఒక పడవ మధ్యాహ్న సమయమున దేవీపట్నము మండలములోని కచ్చులూరు వద్ద తలక్రిందులయ్యెను. అందు 77 మంది యుండిరి. ఇరువదియారుగురు బ్రతికిరి, ఏబదియొక్కరు తిరిగి రాలేదు. వారిలో సెలవుదినము గడుపుటకు వచ్చిన కుటుంబములు పెక్కు కలవు. మునిగిన పడవను వెలికి తీయుటకు 38వ దినము, అనగా అక్టోబరు 22, రావలసివచ్చెను.

ఆ దుర్ఘటనలో మరువరాని విషయము మరొకటి కలదు. కేకలు విని తమ చిన్న పడవలతో మొదట వచ్చినవారు కచ్చులూరు గ్రామస్థులు. లైఫ్ జాకెట్లు ధరించి నీటిపై తేలుచున్నవారిని ఒడ్డుకు చేర్చినది వారే. మనుష్యదేహపు సాంద్రత నీటి సాంద్రతకు మిక్కిలి దగ్గరగా నుండును. అందుచేత ఒక తేలికయైన జాకెట్టు తొలగించు కొద్దిపాటి అదనపు నీరే ముఖమును నీటికి పైన నిలుపగలదు. ఆర్కిమిడీసు సూత్రమును తరగతిలో వల్లించు విద్యార్థికి దాని విలువ ఎంతటిదో నది చెప్పినంత స్పష్టముగా పుస్తకము చెప్పజాలదు. అటులనే, వింత దృశ్యము కనిపించినప్పుడు అందరును ఒకే ప్రక్కకు పరుగెత్తుటయు, పై అంతస్తున గుంపుగా చేరుటయు ఎందుకు కూడదో గరిమనాభి పాఠము చదివిన బాలుడు ఇంటి పెద్దలకు విప్పి చెప్పగలడు.

ఈ సంగతులు తలచుకొనుట విహారపు సంతోషమునకు భంగమని కొందరు భావింతురు. విచారించి చూచినచో సంతోషమునకు పునాది ఇవియే. తల్లి నిశ్చింతగా విస్తరి ముందు కూర్చుండగలుగుట, సరంగు కన్నార్పక ప్రవాహమును చదువుచుండుట వలన. బామ్మ కన్నులు మూసికొనగలుగుట, రేవులో ఎవరో తలలు లెక్కించి, అధికముగా వచ్చినవారిని మొగమాటము లేక దింపివేయుట వలన. ఒకరి విశ్రాంతి మరొకరి జాగరూకతపై తేలుచుండును. ఆ జాగరూకత సడలిన చోట విశ్రాంతి యనునది వట్టి భ్రాంతి.

ఒడ్డున నున్నవారి సంగతియు ఇటువంటిదే. పేరంటాలపల్లి వద్ద పడవ ఆగినప్పుడు యాత్రికులు శివాలయమును దర్శించి, కొండపై నుండి దుమికివచ్చు సెలయేటిలో చేతులు కడుగుకొందురు. దారి ప్రక్కన కొండరెడ్లు వెదురుతో అల్లిన బొమ్మలు, బుట్టలు అమ్ముచుందురు. పిల్లలు బేరమాడుదురు, ఫోటోలు తీసికొందురు. చూచువారికి అది సుందర దృశ్యము. ఆ బుట్ట నల్లిన చేతికి అది పుట్టిన ఊరు. పోలవరము జలాశయము 45.72 మీటర్ల పూర్తిమట్టమునకు నిండునాటికి ఈ తీరములలోని పెక్కు గ్రామములు నీటి క్రిందికి పోవును. లక్షకు పైబడిన కుటుంబములు స్థానము మారవలసి యుండును. దేవీపట్నము వంటి ఊళ్ళను 2021 నుండియే నీరు చుట్టుముట్టినది. వరదకాలములో గండిపోచమ్మ ఆలయము సైతము మునుగుచున్నది. ఆనకట్ట వలన పొలములకు నీరు, నగరములకు త్రాగునీరు, విద్యుత్తు లభించునని దాని ఉద్దేశము. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప గోదావరి మండలము అన్నపూర్ణ యైన సంగతి తెలిసినవారు ఆ ఉద్దేశమును తేలికగా త్రోసివేయజాలరు. కాని ఆ మేలుకొరకు తన పెరటిని, చింతచెట్టును, పితరుల సమాధులను విడిచిపోవువాని ఋణము దేశముపై నున్నది. నీట పడినవారిని ఒడ్డుకు చేర్చిన కచ్చులూరు ఈ తీరపు గ్రామమే యని తలచినప్పుడు ఆ ఋణము మరింత బరువగును.

ఉపాధ్యాయులు విద్యార్థులను ఇచ్చటికి తీసికొని వచ్చినచో, ఆ దినమున పాఠము చెప్పనక్కరలేదు. రెండు పనులు చేసిన చాలును. పడవ ఎక్కుటకు ముందు నీటిమట్టమును, పడవకు అనుమతింపబడిన జనసంఖ్యను పిల్లల చేతనే అడిగించవలెను. ఒడ్డున దిగినప్పుడు ఊరి పేరును, బుట్ట అల్లిన అవ్వ పేరును తెలిసికొని, ఆమెను ఆ పేరుతో పిలువుమని చెప్పవలెను. మిగిలినది నది చూచుకొనును.

సాయంకాలము గండిపోచమ్మ వైపు మరలు పడవకు ప్రవాహము తోడగును. యంత్రపు చప్పుడు తగ్గును. కొండల నీడలు నీటిపై సాగి, ఎదుటి ఒడ్డును తాకును. పిల్లలు తల్లుల ఒడిలో తలలు వాల్చుదురు. సరంగు మాత్రము చుక్కాని వద్ద నిలిచి, సుడులు తిరుగు తావుల వైపు చూచుచునే యుండును. రేవు చేరి, చివరి ప్రయాణికుడు మెట్లపై కాలు మోపినప్పుడు గాని అతని విశ్రాంతి మొదలు కాదు.