మోకాళ్ళ మెట్టు – అర్ధశక్తి నియమం

వ్యాయామం ఎంత చేయాలన్న ప్రశ్నకు ఆయుర్వేదం ఇచ్చిన సమాధానం చాలా చిన్నది: ఉన్న శక్తిలో సగం. వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయంలోని దినచర్యాధ్యాయంలో ఈ నియమాన్ని విధించాడు. బలవంతులు, స్నిగ్ధాహారం భుజించేవారు సైతం శీతకాలంలోను, వసంతంలోను తమ శక్తిలో సగం మేరకే శ్రమించాలి. తక్కిన ఋతువులలో అంతకన్న తక్కువ. సగమైనదని గుర్తించడం ఎట్లా? హృదయంలోని వాయువు నోటికి చేరినప్పుడు, అనగా ముక్కుతో చాలక నోటితో ఊపిరి పీల్చవలసి వచ్చినప్పుడు, అది అర్ధశక్తికి లక్షణమని సుశ్రుతుడు చెప్పాడు. నుదుట, ముక్కుపైన, చంకలలో, కీళ్ళవద్ద చెమట పట్టడం, నోరు ఎండడం కూడా అదే సూచన అని ఇతర గ్రంథాలు చేర్చాయి. నేటి వైద్యులు చెప్పేదీ దీనికి దూరం కాదు. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలిగినంత వేగమే సామాన్యులకు తగిన వేగం.

ఈ నియమాన్ని ఒక పూటంతా ఆచరణలో చూసే సందర్భం మా ఇరవై అయిదవ పెళ్ళిరోజున కలిగింది. మా వివాహం మాఘమాసంలో జరిగింది కనుక ఆ రోజు శిశిరంలోనే వచ్చింది. వాగ్భటుడు అనుమతించిన కాలమే. బంధువులను పిలిచి విందు చేయడానికి బదులు, అలిపిరి నుండి తిరుమలకు కాలినడకన వెళ్దామని మావారు అన్నారు. పెళ్ళయిన కొత్తలో ఇద్దరమూ అట్లాగే వెళ్ళాము. కాని ఇప్పుడు ఆయనకు యాభై నాలుగేళ్ళు. కుడి మోకాలిలో సంధివాతం, రక్తపోటుకు నిత్యం మాత్ర. నొప్పి మొదలయిన రెండేళ్ళుగా మేడమెట్లు తప్పించుకుంటున్నారు, సాయంకాలపు నడక మానేశారు. “ఇక నా నడక అయిపోయినట్లే” అనడం అలవాటయింది. నన్ను కలవరపెట్టింది మోకాలికన్న ఆ మాటే.

ఆయుర్వేద వైద్యురాలిగా నాకు మరొక చిక్కు ఉంది. వాతపిత్త రోగులు, బాలురు, వృద్ధులు, అజీర్ణం కలవారు వ్యాయామం వర్జించాలని అదే వాగ్భటుడు అదే అధ్యాయంలో అన్నాడు. సంధివాతం పేరులోనే వాతం ఉన్నది. అక్షరాలా తీసుకుంటే ప్రయాణం మానుకోవలసిందే. అయితే మోకాలు నొప్పి పుట్టిందని కదలకుండా కూర్చుంటే తొడ ముందుభాగపు కండరం సన్నబడుతుంది. ఆ కండరం మోయవలసిన భారం కీలుపై పడుతుంది. నొప్పి హెచ్చుతుంది, మనిషి ఇంకా కూర్చుంటాడు. మితమైన వ్యాయామం ఈ చక్రాన్ని ఆపి నొప్పిని తగ్గిస్తుందని నేడు నిశ్చయంగా తెలిసింది. కనుక ఆ నిషేధాన్ని నేను వాతం ప్రకోపించి ఉన్న దశకే, అనగా కీలు వాచి, వేడిగా ఉండి, రాత్రులు నిద్ర పట్టనివ్వని దశకే అన్వయించుకున్నాను. నాతో ఏకీభవించని పెద్దలు ఉంటారు. ఆయన మోకాలికి వాపు లేదు. ఎముకల వైద్యుడు కూడా పరీక్షించి, రక్తపోటు అదుపులో ఉన్నదని చూసుకుని, సరేనన్నాడు.

సిద్ధపడడానికి రెండు నెలలు తీసుకున్నాము. కుర్చీలో కూర్చుని కాలు చాచి, తొడ బిగించి, పది అంకెలు లెక్కించి దింపడం రోజుకు రెండు పూటలు. మూడవ వారం నుండి మేడమెట్లు, మొదట ఒక అంతస్తు, తరువాత రెండు. స్నానానికి ముందు గోరువెచ్చని నువ్వులనూనెతో అభ్యంగనం. నడుమ ఒకనాడు, నూనె పడుతున్నది కదా, రక్తపోటు మాత్ర మానవచ్చునా అని ఆయన అడిగారు. మానరాదు. ఏ తైలమూ ఆ పని చేయదు.

అలిపిరి మార్గం సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. ఏడుకొండలన్నీ శేషాచలం అడవులలోనివే. ఎర్రచందనానికి పుట్టినిల్లు ఈ ప్రాంతమే. 2023లో ఈ దారిలో చిరుత దాడులు జరిగి, ఆగస్టులో ఒక చిన్నారి ప్రాణం కోల్పోయిన తరువాత రాకపోకల వేళలపై ఆంక్షలు వచ్చాయి. అవి మారుతూ ఉంటాయి, బయలుదేరేముందు విచారించుకోవాలి. మేము బాగా తెల్లవారిన తరువాతనే మొదలుపెట్టాము. రెండేసి ఇడ్లీలు తిని గంట ఆగాము. కడుపునిండా పొంగలి తిని మెట్లెక్కడం అజీర్ణానికి ఆహ్వానమే. కొండపైకి ప్లాస్టిక్ సీసాలు తీసుకుపోరాదు. స్టీలు చెంబులలో నీరు, మరొకదానిలో కరివేపాకు, అల్లం దంచి వేసిన పలుచని మజ్జిగ పట్టుకున్నాము. చెమటతో పోయే ఉప్పుకోసం మజ్జిగలో చిటికెడు చాలు. రక్తపోటు ఉన్నవారు అంతకు మించరాదు.

ఈ దారిలో కష్టమంతా ముందే ఉన్నది. గాలిగోపురం చేరేసరికి రెండువేలకు పైగా మెట్లు అయిపోతాయి. అక్కడిదాకా మా నియమం ఒక్కటే: మాట తెగకూడదు. నేను ఏదో ఒకటి అడుగుతూ ఉంటాను. ఆయన జవాబు తలూపుగా మారితే నిలబడతాము, ఊపిరి ముక్కుకు దిగేవరకు. పాతిక మెట్లకొకసారి, ఒక్కొక్కచోట పది మెట్లకే ఆగాము. పెళ్ళినాటి సంగతులు, ఇల్లు కట్టినప్పటి అప్పులు, పిల్లల చదువులు అన్నీ ఆ మెట్లపైనే వచ్చాయి. రెండేళ్ళలో అంత మాట్లాడుకున్న గుర్తు లేదు. కుర్రవాళ్ళు పరుగులు తీస్తూ దాటిపోతుంటే ఆయనకు పౌరుషం వచ్చి పది మెట్లు చకచకా ఎక్కారు. “ఏమండీ, మాట వినబడడం లేదు” అన్నాను. కూర్చున్నారు.

గాలిగోపురం దాటాక దారి చాలావరకు చదును. తరువాత వచ్చేది మోకాళ్ళ మెట్టు. రామానుజాచార్యులు ఈ కొండను పాదాలతో తొక్కక మోకాళ్ళతో ఎక్కారని ప్రతీతి. అన్నమయ్య బాలుడుగా వచ్చి ఇక్కడనే ఆకలితో అలసి నిద్రపోయాడని చెబుతారు. ఆ నిటారు మెట్ల మొదట్లో ఆయన మోకాలు పట్టుకుని నిలబడ్డారు. ఇక్కడ ఒక భేదం తెలియాలి. తొడలో, పిక్కలో బరువు, మంట అనిపిస్తే అది కండరపు అలసట, విశ్రాంతితో పోతుంది. మోకాటిచిప్ప వెనుకగాని కీలు లోపలగాని సూది గుచ్చినట్లుంటే, నడక కుంటుపడితే, అది కీలు చేసే హెచ్చరిక, అక్కడితో ఆపివేయాలి. ఆయన్ను చదునుగా ఉన్నచోట ఇరవై అడుగులు నడిపించి చూశాను. కుంటు లేదు. అరగంట కూర్చుని మజ్జిగ తాగి, కర్రను ఎడమచేతికి మార్చుకుని లేచారు. నొప్పి ఉన్న కాలికి ఎదుటి చేతిలోనే కర్ర ఉండాలి. ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు నొప్పికాలు ముందు. ఐదున్నర గంటలకు పైకి చేరాము.

దర్శనం అయిన తరువాత ఉత్సాహం పట్టలేక దిగడం కూడా నడిచే దిగుదామన్నారు. పెళ్ళిరోజున చిన్న తగవు వేసుకుని బస్సెక్కించాను. ఎక్కడంలో గుండె, ఊపిరితిత్తులు ఎక్కువ శ్రమిస్తాయి, దిగడంలో మోకాలు. ప్రతి మెట్టుకూ దేహభారానికి కొన్ని రెట్లు ఒత్తిడి మోకాటిచిప్పపై పడుతుంది; తొడ కండరం సాగుతూనే బరువు ఆపవలసి వస్తుంది. కొండలు దిగినవారికి మరునాడు తొడలు కదలనివ్వకపోవడానికి కారణం ఇదే. సంధివాతం ఉన్నవారు ఎక్కగలిగినా దిగడానికి వాహనాన్నే ఆశ్రయించాలి.

వ్యాయామానంతరం దేహమంతా సుఖంగా మర్దించుకోవాలన్న వాగ్భటుని మాటను ఆ రాత్రి పాటించాము. నువ్వులనూనె గోరువెచ్చగా పాదం నుండి తొడ వైపుకు, కీళ్ళవద్ద గుండ్రంగా, మెల్లగా రాయాలి. అరగంట తరువాత గుప్పెడు వావిలాకు వేసి మరిగించిన నీటిలో గుడ్డ ముంచి, పిండి, ఓర్చుకోగల వేడిలో కాపడం పెట్టాలి. మధుమేహం వలన పాదాలలో స్పర్శ తగ్గినవారు వేడిని స్వయంగా అంచనా వేయరాదు. ఇంట్లో మరొకరు చేయి పెట్టి చూడాలి. రాత్రికి పెసరకట్టుతో మెత్తని అన్నం చాలు. కండరాల నొప్పి రెండవ, మూడవ రోజులలో హెచ్చి తానే తగ్గుతుంది. మావారికీ అంతే జరిగింది. నాలుగవనాడు సాయంకాలపు నడక తిరిగి మొదలయింది.

ఛాతీలో బిగువు, ఎడమచేతికిగాని దవడకుగాని పాకే నొప్పి, కళ్ళు తిరగడం – వీటిలో ఏది కలిగినా కషాయాలు, తైలాలు తలపెట్టక వెంటనే ఆగి వైద్యసహాయం పొందాలి. మోకాలు వాచి వేడిగా ఉన్నప్పుడు మర్దన, వేడి కాపడం రెండూ పనికిరావు. నాలుగు రోజులు గడిచినా వాపు తగ్గకపోతే కీళ్ళ వైద్యునికి చూపించాలి.